నలుగురిలో మాట పెగలని పిల్లలు, తలకి పెట్టే మెషిన్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి ఒకే సంగతి మీద నాలుగు ఉత్తరాలు వచ్చాయండి. నలుగురిలోకి వెళ్ళాలంటే వణికిపోయే పిల్లలు, వాళ్ళకి తలకి మెషిన్ పెట్టి చేసే ట్రీట్‌మెంట్ ఏదో వచ్చిందట కదా, అది చేయించాలా వద్దా అని. అందుకే నిద్ర పట్టకపోవడం మీద వచ్చినవీ, అత్తాకోడళ్ళ గొడవలవీ వచ్చే సంచికకి పెట్టి ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నా. సైకియాట్రీ ఓపీలో 20 ఏళ్ళ నుంచి కూర్చుంటున్నా కాబట్టి ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను, వాళ్ళంటే నాకు ప్రత్యేకంగా ప్రేమ, ఎందుకంటే వీళ్ళు ఎవర్నీ ఇబ్బంది పెట్టరు, అల్లరి చేయరు, అందుకే ఎవరి కంటికీ కనపడరు.

మా అబ్బాయి బీటెక్ సెకండియర్. ఇంట్లో చెల్లెలితో అల్లరే అల్లరి, కాలేజీలో మాత్రం నోరు తెరవడు. అటెండెన్స్ పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనడానికి భయపడి క్లాసులే మానేస్తున్నాడని రూమ్మేట్ చెప్తే తెలిసింది, హాజరు తగ్గినందుకు కండోనేషన్ ఫీజు కట్టాం. ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే పావుగంటలో సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురంటే భయపడే జబ్బు అని తేల్చేసి, టీఎంఎస్ అని మెషిన్ ట్రీట్‌మెంట్ ఉంది, 30 సిట్టింగులు, ప్యాకేజీ లక్ష దగ్గర అవుతుంది, ఈ వారం కడితే తగ్గిస్తాం అన్నారు. వాళ్ళ నాన్నేమో ‘పిల్లోడికి కరెంట్ షాకులు పెట్టిస్తావా’ అని గొడవ. ఏం చేయమంటారు? — ఒక అమ్మ, తెనాలి

అమ్మా, ముందు డబ్బు కట్టకండి. ఈ వారం అంటే అసలు కట్టకండి. వైద్యంలో ‘ఈ వారం కడితే తగ్గింపు’ అనే మాట వినపడగానే లేచి వచ్చేయడం మంచిది, అది చీరల షాపు కాదు కదా.

అలాగని వాళ్ళ నాన్నగారి భయం నిజమని కాదు, ఆయన అనుకుంటున్నది వేరే. కరెంట్ షాక్ అని మనవాళ్ళు అనేది ఈసీటీ, దాంట్లో మత్తు ఇచ్చి మెదడులో కాసేపు ఫిట్స్ తెప్పిస్తారు, తీవ్రమైన డిప్రెషన్‌లో ప్రాణాలు కాపాడే వైద్యం అది, దాన్ని కూడా సినిమాల్లో చూపించినట్టు చేయరు, మత్తు లేకుండా చేయడం మన 2017 మానసిక ఆరోగ్య చట్టంలో నిషేధం, 18 ఏళ్ళ లోపు పిల్లలకైతే గార్డియన్ సంతకంతో పాటు ఆ చట్టం కింద పెట్టిన బోర్డు అనుమతి కూడా ముందే ఉండాలి. టీఎంఎస్ అది కాదు, అయస్కాంతంతో చేసేది. మత్తు ఉండదు, ఫిట్స్ తెప్పించరు, కుర్చీలో మెలకువగా కూర్చునే ఉంటాడు, అయ్యాక లేచి బస్సెక్కి ఇంటికి రావచ్చు.

ఇది పనిచేసేది మనం టెన్త్ ఫిజిక్స్‌లో చదువుకున్న సూత్రం మీదే. తీగచుట్టలో కరెంట్ మారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మారే క్షేత్రం పక్కనున్న ఇంకో వాహకంలో కరెంట్ పుట్టిస్తుంది, ఫారడే 1831లో చూపించాడు. ఇక్కడ ఆ రెండో వాహకం మన మెదడు. 1985లో ఇంగ్లాండ్ షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ వాళ్ళు మొదటిసారి మనిషి తల మీద కాయిల్ పెట్టి చేతి వేళ్ళు కదిలించారు, పుర్రె కోయకుండా, సూది గుచ్చకుండా. ఇప్పటికీ మొదటి సిట్టింగ్ అలాగే మొదలవుతుంది. ఎనిమిదంకెలా ఉండే కాయిల్‌ని నడినెత్తికి కాస్త పక్కగా ఆనించి ఒక్కో పల్స్ ఇస్తూ, కొంచెం అటూ ఇటూ జరుపుతూ పోతారు, ప్రతి పల్స్‌కీ టక్ టక్ మని గట్టి చప్పుడు, చెవుల్లో దూది లాంటివి పెట్టేది అందుకే, ఏదో ఒకచోట తగిలేసరికి ఒళ్ళో పెట్టుకున్న అవతలి చేతి బొటనవేలు మనం కదపకుండానే టిక్కుమని ఎగురుతుంది. మొదటిసారి చూసిన పిల్లలు ఆ వేలి వంక చూసి, నా మొహం వంక చూసి, మళ్ళీ వేలి వంక చూస్తారు. ఆ వేలు ఎగరడానికి ఎంత పవర్ పట్టిందో కొలుచుకుని, దాన్నిబట్టి డోసు లెక్కేసుకుని, కాయిల్‌ని నుదుటికి పైన ముందుభాగం మీదికి జరుపుతారు. వారానికి 5 రోజుల లెక్కన 4 నుంచి 6 వారాలు.

అంటే మెషిన్ అబద్ధం కాదమ్మా. డిప్రెషన్‌కి మందులు పనిచేయని పెద్దవాళ్ళకి అమెరికాలో 2008లోనే అనుమతి వచ్చింది, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే ఓసీడీ అనే జబ్బుకి 2018లో వచ్చింది. మన బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో కూడా ఇలాంటి పద్ధతుల మీద ఏళ్ళ తరబడి పని జరుగుతోంది. ఇబ్బందల్లా ఏంటంటే మీవాడికి చెప్పిన జబ్బు డిప్రెషన్ కాదు, సోషల్ యాంగ్జైటీ. దానికి ఆధారం చాలా పల్చగా ఉంది. 2013లో బ్రెజిల్ డాక్టర్లు టీఎంఎస్ చేసి బాగుందని రాసింది ఇద్దరంటే ఇద్దరు పేషెంట్ల గురించి. టీడీసీఎస్ అని దీనికి తమ్ముడు లాంటి పద్ధతి ఇంకోటుంది, దాని గురించి కింది జవాబులో చెప్తా, దాని మీద 2021లో వచ్చిన ఇరాన్ స్టడీలో 45 మంది, 3 గ్రూపులు, ఫలితం బాగానే ఉంది, ఆశ పుట్టించేదే. కానీ 45 మందితో వచ్చిన ఆశని చూపించి ఒక ఇంటి దగ్గర లక్ష రూపాయలు తీసుకోకూడదు, అదీ నా బాధ.

ఇంకో సంగతి. భయం పుట్టించే ముఖ్యమైన భాగం, అమిగ్డలా అంటారు, అది మెదడు లోపల చాలా లోతుగా ఉంటుంది. మామూలు కాయిల్ పల్స్ పైనుంచి 2, 3 సెంటీమీటర్ల లోతు వరకే బలంగా అందుతుంది. అందుకని నుదుటి వెనక ఉండే భాగాన్ని, అంటే భయాన్ని ‘ఆగు, ఏం కాదులే’ అని సముదాయించే భాగాన్ని, తట్టి లేపి దాని ద్వారా లోపలి అలారం తగ్గించాలని చూస్తారు. ఆలోచన బాగుంది. కుడివైపు చేయాలా ఎడమవైపా, మధ్యనా, ఎంత స్పీడులో, ఎన్ని రోజులు అనేదే ఇంకా తేలలేదు.

మరి ఏం చేయాలి అంటారా. పావుగంటలో తేల్చిన జబ్బుని ముందు సరిగా చూపించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి, జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది, మీకు దగ్గరే. అక్కడ డాక్టర్‌ని ఒకటి అడగండి: వీడికి డిప్రెషన్ కూడా ఉందా? ఎందుకంటే ఏళ్ళ తరబడి భయంతో ముడుచుకుపోయిన పిల్లల్లో చాలామందికి తర్వాత దిగులు కూడా చేరుతుంది, నిద్ర పోతుంది, తిండి తగ్గుతుంది, బతకడం ఎందుకు అనే మాట వస్తుంది. అదుంటే లెక్కలన్నీ మారతాయి, టీఎంఎస్ గురించి మాట్లాడుకోవడం కూడా అప్పుడు వేరేగా ఉంటుంది. నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు, వాళ్ళమ్మ గాజులు కుదువ పెట్టి ఎక్కడో 20 సిట్టింగులు చేయించింది, ఏమీ మారలేదని వచ్చారు, చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆ పిల్లాణ్ణి అంతవరకు ఎవరూ అడగలేదు. నేను అడిగాక పది నిమిషాలు ఏడ్చాడు. మెషిన్ తప్పు కాదు అది, అడగని మనుషులది.

ఒట్టి సోషల్ యాంగ్జైటీయే అయితే మొదటి వైద్యం సీబీటీ, అంటే మాటలతో, అభ్యాసంతో చేసే థెరపీ. బ్రిటన్‌లో డాక్టర్లకి దారి చూపించే నైస్ సంస్థ 2013లో ఇదే మొదట పెట్టమంది, 14 సెషన్ల దాకా, ఒక్కోటి గంటన్నర. దీంట్లో మీవాడితో ఏం చేయిస్తారో చెప్తా, ఎందుకంటే ‘ఉత్త మాటలకి డబ్బులేంటి’ అని మనవాళ్ళకి ఒక అనుమానం ఉంటుంది.

డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అని ఇద్దరు 1995లో ఒక సంగతి పట్టుకున్నారు. ఈ భయం ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళని చూడరు, తమని తామే చూసుకుంటూ ఉంటారు, గొంతు వణుకుతోందా, మొహం ఎర్రబడిందా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అని. ఆ చూసుకోవడంలోనే భయం పెరుగుతుంది. దాన్ని దాచుకోవడానికి చిన్న చిన్న తంటాలు పడతారు, పాటలేం వినకపోయినా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం, చెమట కనపడకుండా ఎండాకాలంలో ఫుల్ హ్యాండ్స్ వేసుకోవడం, చెప్పబోయే వాక్యాన్ని లోపల పదిసార్లు చదువుకోవడం. మీవాడు అటెండెన్స్‌కి తన నంబర్ వచ్చేదాకా ఏం చేస్తాడో అడిగి చూడండి, నాకు చాలామంది చెప్పారు, 30 నంబర్ల ముందు నుంచి ‘ప్రెజెంట్ సార్, ప్రెజెంట్ సార్’ అని లోపల అనుకుంటూ ఉంటారు, నంబర్ వచ్చేసరికి గొంతు ఎండిపోతుంది.

థెరపీలో ఏం చేస్తామంటే రెండు నిమిషాలు మాట్లాడించి ఫోన్‌లో వీడియో తీస్తాం. చూపించే ముందు అడుగుతాం, ఎలా కనపడతావ్ అనుకుంటున్నావ్ అని. ‘టమాటాలా ఎర్రగా ఉంటా మేడమ్, గొంతు మేక గొంతులా ఉంటుంది’ అంటారు. తర్వాత వేరే ఎవర్నో చూస్తున్నట్టు చూడమని ప్లే చేస్తాం. చాలామంది మళ్ళీ వెనక్కి జరిపి రెండోసారి చూస్తారు, లోపల అంత వణికిపోయినవాడు బయటికి మామూలు కుర్రాడిలాగే కనపడుతుంటే నమ్మలేక. ఆ తర్వాత బయటికి పంపిస్తాం, చిన్నవాటితో మొదలు. టిఫిన్ సెంటర్‌లో ‘అన్నా, ఇంకొంచెం చట్నీ’ అని అడగడం. బస్సు కండక్టర్‌ని చిల్లర అడగడం. క్లాసులో ఒక డౌట్ అడగడం, తప్పు డౌట్ అయినా సరే. ఇయర్‌ఫోన్స్ జేబులో పెట్టి అడగాలి, అదీ రూల్. ఒక్కోటి చేసే ముందు ఏమవుతుందని భయపడ్డాడో రాయాలి, చేశాక నిజంగా ఏమైందో పక్కనే రాయాలి.

థెరపీ దొరక్కపోయినా, చాలకపోయినా మందులున్నాయి, సెర్ట్రలిన్ లాంటివి, పని చూపించడానికి వారాలు పడుతుంది, మధ్యలో ఆపకూడదు, 25 ఏళ్ళ లోపు వాళ్ళకి మొదటి వారాల్లో చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయేమో ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాలి. అది డాక్టర్ చెప్పి తీరాలి, చెప్పకపోతే మీరు అడగండి. కండోనేషన్ గురించి వాణ్ణి తిట్టకండమ్మా. బద్ధకంతో మానేసినవాడు, భయంతో మానేసినవాడు ఇద్దరికీ ఆబ్సెంట్ ఒకేలా పడుతుంది, అంతే.

మేడమ్, నాకు 22. ఇంటర్వ్యూల్లో బ్లాంక్ అయిపోతున్నా. ఆన్‌లైన్‌లో టీడీసీఎస్ హెడ్‌సెట్లు దొరుకుతున్నాయి, ఒక ఫ్రెండ్ అయితే 9 వోల్ట్ బ్యాటరీతో ఇంట్లోనే చేసుకోవచ్చు అని వీడియో పంపాడు. ఇంత తక్కువ కరెంట్‌తో డేంజర్ ఏముంటుంది? ఇంటర్వ్యూకి గంట ముందు పెట్టుకుంటే పనిచేస్తుందా? — హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

నాన్నా, ఆ బ్యాటరీ వీడియో డిలీట్ చేసెయ్, ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకు.

టీడీసీఎస్ అంటే ఉప్పునీళ్ళలో తడిపిన రెండు స్పాంజ్‌లు తలకి పెట్టి 1 లేదా 2 మిల్లీ ఆంపియర్ల కరెంట్ 20, 30 నిమిషాలు పంపడం. టీఎంఎస్‌లాగా ఇది న్యూరాన్లని, అంటే మెదడు కణాలని, ఉన్నపళంగా పలికించదు, ఆ చోట ఉన్నవి కాస్త తేలిగ్గా పలికేలాగో, కాస్త కష్టంగా పలికేలాగో మారుస్తుంది, వీణ తీగ బిగువు కొంచెం మార్చినట్టు. అందుకే ఏ స్పాంజ్ ఎక్కడ పెట్టాం, ప్లస్ ఎటు, మైనస్ ఎటు అనేది ప్రాణం. తిరగేసి పెడితే ఫలితం కూడా మారిపోవచ్చు, అది కూడా మనిషి మనిషికీ ఒకేలా ఉండదు. డాక్టర్ దగ్గర ఉండే మెషిన్ చర్మం ఎంత అడ్డుపడినా కరెంట్‌ని ఒకే లెవెల్లో ఉంచుతుంది, మెల్లగా పెంచి మెల్లగా దించుతుంది. ఉత్త బ్యాటరీకి అది చేతకాదు. స్పాంజ్ ఆరిపోతే ఒక్కచోటే కరెంట్ గుచ్చుకుని చర్మం కాలుతుంది, నుదుటి మీద గుండ్రటి మచ్చ పడుతుంది, మొహం గురించి భయపడే మనిషికి మొహం మీద మచ్చ, ఆలోచించు. 2016లో ఈ పరిశోధన చేసేవాళ్ళే కొంతమంది కలిసి బహిరంగ లేఖ రాశారు, ఇంట్లో చేసుకునేవాళ్ళు జాగ్రత్త, ఒకచోట పెంచాలని పెడితే ఇంకో సామర్థ్యం తగ్గొచ్చు, ప్రభావం అనుకున్నదానికంటే ఎక్కువకాలం ఉండిపోవచ్చు అని. ఆ పని మీదే బతుకుతున్నవాళ్ళు ఆగమంటున్నారు కాబట్టి ఆగు.

ఇంటర్వ్యూకి గంట ముందు పెట్టుకుంటే సరిపోతుందనే లెక్క కూడా ఎక్కడా లేదు. స్టడీల్లో పనిచేసిందన్న చోట కూడా సెషన్ తర్వాత సెషన్ ఇచ్చారు, నువ్వనుకున్నట్టు ఎనర్జీ డ్రింక్‌లా కాదు. ఆ డబ్బుతో ఒక సైకాలజిస్ట్ దగ్గర నాలుగు సెషన్లు కూర్చో, ఇద్దరు ఫ్రెండ్స్‌ని పిలిచి మాక్ ఇంటర్వ్యూ వీడియో తీయించుకో, పైన అమ్మకి చెప్పిన పద్ధతిలో చూడు. ఒకటి గుర్తుంచుకో, ఇంటర్వ్యూలో ‘ఒక్క నిమిషం ఆలోచించి చెప్తా సార్’ అనడం నేరం కాదు. దాన్ని మూడుసార్లు ప్రాక్టీస్ చెయ్, కావాలనే.

డాక్టర్‌గారూ, మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయికి 16, స్కూల్లో లంచ్ టైమ్‌లో రెస్ట్‌రూమ్‌లో కూర్చుని తింటోందని కౌన్సెలర్ ఫోన్ చేసి చెప్పారు. ఇక్కడ 15 ఏళ్ళ పిల్లలకి కూడా టీఎంఎస్‌కి ఇక్కడి మందుల, మెషిన్ల అనుమతి సంస్థ ఎఫ్‌డీఏ అప్రూవల్ వచ్చిందంటున్నారు. అంటే సేఫ్ అనేగా, మొదలుపెట్టేయొచ్చా? — ఒక తండ్రి

అన్నగారూ, మీరు విన్నది సగం నిజం. 2024 మార్చిలో 15 నుంచి 21 ఏళ్ళ వాళ్ళకి ఒక కంపెనీ టీఎంఎస్ మెషిన్‌కి అనుమతి వచ్చింది, కానీ అది డిప్రెషన్‌కి, అదీ మిగతా వైద్యానికి తోడుగా. సోషల్ యాంగ్జైటీ దాంట్లో లేదు. సేఫ్ అన్నది ఒక ప్రశ్న, పనిచేస్తుందా అన్నది ఇంకో ప్రశ్న, ఈ రెండూ కలిపేయకండి.

పనిచేయడం గురించి ఒక్క ఉదాహరణ చెప్తా, ఎందుకంటే ఇది తల్లిదండ్రులందరూ తెలుసుకోవాలని నా కోరిక. 2021లో 12 నుంచి 21 ఏళ్ళ పిల్లలు 103 మంది మీద డిప్రెషన్‌కే ఒక పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి నిజం కాయిల్, సగం మందికి ఉత్తుత్తి కాయిల్, అదే కుర్చీ, అదే టక్ టక్ చప్పుడు, పల్స్ మాత్రం లోపలికి పోదు. 6 వారాలయ్యాక నిజం కాయిల్ వాళ్ళలో 41.7 శాతం మందికి బాగా తగ్గింది. ఉత్తుత్తి కాయిల్ వాళ్ళలో? 36.4 శాతం. ఆ తేడా లెక్కకి నిలబడలేదు, అంటే ఊరికే కాకతాళీయంగా కూడా అంత తేడా రావచ్చు. రోజూ ఒకరు పలకరించడం, అమ్మ పక్కన కూర్చుని తీసుకురావడం, నాకోసం ఏదో చేస్తున్నారు అనే నమ్మకం, వీటి బలం పిల్లల్లో అంత ఉంటుంది. తర్వాత అనుమతి వచ్చింది మామూలు క్లినిక్కుల్లో చేయించుకున్న పిల్లల రికార్డుల ఆధారంగా. అందుకే ఎవరైనా ‘మా దగ్గర పదిలో ఏడుగురికి తగ్గింది’ అంటే ఉత్తుత్తి కాయిల్‌తో ఎంతమందికి తగ్గేదో అడగండి.

సేఫ్టీ సంగతికొస్తే పెద్దగా భయపడాల్సింది లేదు. తలనొప్పి, కాయిల్ తగిలిన చోట నొప్పి, మొహం కండరాలు అదరడం, ఇవి మామూలు, మొదటివారం దాటాక తగ్గుతాయి. ఫిట్స్ రావడం చాలా అరుదు. కానీ ఫిట్స్ చరిత్ర ఉన్నా, వినికిడి కోసం చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చి ఉన్నా, తలలో క్లిప్పులు లాంటి మెటల్ ఉన్నా ముందే చెప్పాలి. ఇంకోటి పిల్లలు దాచే విషయం, నిద్ర. పరీక్షలని రాత్రంతా మేలుకుని పొద్దున్నే వచ్చి కుర్చీలో కూర్చుంటే ఫిట్స్ రిస్క్ పెరుగుతుంది, ఆ రోజు సెషన్ మానేయాలి.

ఇవన్నీ తర్వాత. మీ అమ్మాయి లంచ్ రెస్ట్‌రూమ్‌లో తింటోంది అనే మాట నన్ను వదలట్లేదు. మీకు ఒక అదృష్టం ఉంది, స్కూల్ కౌన్సెలర్ ఫోన్ చేశారు, అక్కడ పిల్లలకి సీబీటీ చేసేవాళ్ళు దొరుకుతారు, ఆ కౌన్సెలర్‌నే పట్టుకోండి. ఇంట్లో మాత్రం ఒక్క మార్పు చేయండి. మన ఫంక్షన్లలో అందరి ముందూ ‘అంకుల్‌కి పాట పాడి వినిపించమ్మా, తెలుగులో మాట్లాడమ్మా’ అని నిలబెట్టడం, ఆ పిల్ల నేలచూపులు చూస్తే ‘మా అమ్మాయికి సిగ్గండీ’ అని నవ్వేయడం, ఇవి ఆపేయండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి అది 13 ఏళ్ళ లోపే మొదలవుతుంది, అంటే మీరు సిగ్గు అనుకున్న ఇన్నేళ్ళూ తను ఒక్కతే మోసిందేమో.

మేడమ్, నేను ఇంటర్ సెకండియర్ బైపీసీ. ప్రాక్టికల్స్‌లో వైవా అంటే ఇప్పటినుంచే కడుపులో తిప్పుతోంది. ఇంట్లో చెప్తే నవ్వుతారు. డబ్బులు లేవు. మెషిన్ లేకుండా తగ్గదా? ఫోన్ చేసి మాట్లాడమని చెప్పకండి ప్లీజ్, నాకు ఫోన్ అంటేనే భయం. — నల్గొండ జిల్లా నుంచి

తల్లీ, తగ్గుతుంది. మెషిన్ లేకుండానే తగ్గినవాళ్ళని చాలామందిని చూశాను, నీ వయసులో ఇంకా తేలిక.

ప్రాక్టికల్స్ ఫిబ్రవరిలో కాబట్టి టైముంది. ఈ వారం నుంచి రోజుకొక ప్రశ్న. నీకు భయం లేని ఒక ఫ్రెండ్‌ని ఎంచుకో, రికార్డ్ బుక్ తన చేతికిచ్చి ఏదో ఒక పేజీలో నుంచి అడగమను, నిలబడి జవాబు చెప్పు. నాలుగు రోజులకి ఇద్దరు ఫ్రెండ్స్. తర్వాత ల్యాబ్‌లో, అదే టేబుల్ దగ్గర. తర్వాత మీ జువాలజీ మేడమ్‌నో, కాస్త మెత్తగా ఉండే ఎవరినో, రెండు ప్రశ్నలు అడగమను. మధ్యలో ఒకసారి కావాలనే ‘తెలీదు మేడమ్’ అని చెప్పు, చెప్పి ఏమవుతుందో చూడు. చెప్పేటప్పుడు నీ గొంతు ఎలా ఉందో వినకు, ఆవిడ మొహం చూడు, ఆవిడ చేతిలో పెన్ను రంగేంటో చూడు.

ఫోన్ వద్దన్నావు, నాకు అర్థమైంది, అయినా నంబర్ ఇస్తా, ఎందుకంటే ఏదో ఒక రాత్రి నీకు కావాల్సి రావచ్చు. టెలి మానస్, 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటుంది, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. ఇలా భయపడుతూ చేసేవాళ్ళు వాళ్ళకి రోజూ ఉంటారు, మాట రాక ఆగిపోతే వాళ్ళు ఆగుతారు. ఏం మాట్లాడాలో కూడా రాసిస్తున్నా, కాగితం మీద ఎక్కించుకుని చూసి చదివెయ్:

‘నమస్తే అండి. నేను ఇంటర్ చదువుతున్నా. నలుగురిలో మాట్లాడాలంటే చాలా భయం. ఫోన్‌లో మాట్లాడాలన్నా భయమే, అందుకే ఇది చూసి చదువుతున్నా. కొంచెం మెల్లగా అడగండి.’